చలిగాలిలో వరి రైతుకు తోడు నిలిచిన మియజావా కెంజి

వరికి చలి తగిలితే ఏమవుతుందో తెలంగాణా యాసంగి రైతుకు కొంత తెలుసు. డిసెంబరు, జనవరి చలికి నారు ఎదగక ఎర్రబారుతుంది. జపాన్ ఈశాన్య ప్రాంతమైన తొహోకులో ఈ ముప్పు నారుమడితో ఆగదు. కొన్నేళ్ళు నడివేసవిలో, సరిగ్గా పైరు పొట్ట మీద వున్నప్పుడు, సముద్రం మీంచి చల్లని తేమగాలి వీస్తుంది. దాన్ని అక్కడివాళ్ళు యమాసె అంటారు. పొట్టలో వున్న వెన్నుకు చలి సోకితే పుప్పొడి చెడుతుంది. వెన్ను బయటికి వస్తుంది గాని గింజ పాలు పోసుకోదు. చేనంతా తాలే. 1905లో, 1913లో ఇలాగే పంటలు పోయి అక్కడి జనం కరువు పాలయ్యారు.

ఆ ప్రాంతంలోనే, ఇవాతె జిల్లా హనమాకి పట్టణంలో 1896 ఆగస్టు 27న మియజావా కెంజి పుట్టాడు. జపాన్‌లో బడిపిల్లలకు కూడా తెలిసిన కవి, కథకుడు ఆయన. రైతులకు ఆయన చేసిన సేవ మాత్రం మన దగ్గర తెలిసినవాళ్ళు తక్కువ.

తండ్రిది తాకట్టు దుకాణం, పాతబట్టల వ్యాపారం. పంట పోయిన ఏడు పేదరైతులు ఇంట్లో సామాను పట్టుకుని ఆ గడప తొక్కేవాళ్ళు. తమ ఇంటి కలిమి వాళ్ళ లేమి మీద నిలబడిందన్న బాధ కెంజిని చివరిదాకా వదల్లేదు.

మొరియోకా వ్యవసాయ, అటవీ కళాశాలలో ఆయన 1918లో చదువు ముగించాడు. 1921 చివర్లో హనమాకి వ్యవసాయ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. 1926లో ఆ ఉద్యోగం వదిలి, తనే పార పట్టి సేద్యం మొదలుపెట్టాడు. రాసు చిజిన్ సంఘం పేరుతో రైతు యువకులను కూడగట్టి నేల గురించి, మొక్క గురించి, ఎరువు గురించి పాఠాలు చెప్పాడు. ఊళ్ళలో ఎరువుల సలహా కేంద్రాలు నడిపాడు. రైతు తన మడి సంగతులు చెబితే, ఏ ఎరువు ఎంత వేయాలో లెక్క కట్టి కాగితం మీద రాసిచ్చేవాడు. అలాంటి చీటీలు 2000కు పైగా రాశాడని చెబుతారు. ఒక్క పైసా పుచ్చుకోలేదు.

ఆయన రైతులకు గట్టిగా చెప్పిన రకం రికూ 132. రెండు రకాలను సంకరపరచి పరిశోధనా కేంద్రంలో 1921లో తయారుచేసిన విత్తనం అది. చలిని కొంత తట్టుకుంటుంది. ఎరువు సంగతి అంత సులువు కాదు. చలి ఏడు నత్రజని ఎక్కువైతే అగ్గి తెగులు విరుచుకుపడుతుంది. అందుకే మడి మడికీ వేరే లెక్క కావాలి.

మరి విత్తనం, ఎరువు తెలిసినంత మాత్రాన రైతు గట్టెక్కాడా? ఆనాడు జపాన్ సాగుభూమిలో దాదాపు సగం కౌలు భూమే. పంటలో సుమారు సగం ధాన్యం భూస్వామి గాదెకు పోయేది. ఎరువుకు అప్పు చేయాలి. చలి వస్తే గింజ పోతుంది, అప్పు మిగులుతుంది. వానలకు పైరు పడిపోయినప్పుడు, తన సలహా మీద ఎరువు వేసినవాళ్ళను తలచుకుని కెంజి పడిన వేదన ఆయన కవితల్లో కనిపిస్తుంది. కార్మిక కర్షక పార్టీ స్థానిక శాఖకు ఆయన సాయం చేశాడు. 1928 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ పార్టీని నిషేధించింది. ఆ ఏడే ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాడు. సంఘం పని ఆగిపోయింది.

కాస్త కోలుకోగానే 1931లో సున్నపురాయి పొడిచేసే కర్మాగారంలో చేరాడు. పులుపెక్కిన నేలలకు ఆ పొడి మందు. దాన్ని అమ్ముతూ తిరిగి మళ్ళీ జబ్బు పడ్డాడు. 1932లో ఆయన రాసిన కథలో బుదోరి అనే యువకుడు, చలి నుంచి పంటను కాపాడటానికి అగ్నిపర్వతాన్ని పేల్చి, బొగ్గుపులుసు వాయువుతో గాలిని వెచ్చబరుస్తాడు. ఆ పనిలో ప్రాణం ఇస్తాడు. 1933 సెప్టెంబరు 20 సాయంత్రం ఎరువు గురించి అడగడానికి ఒక రైతు వచ్చాడు. కెంజి పక్క మీంచి లేచి కూర్చుని ఓపికగా చెప్పి పంపాడు. మర్నాడు కన్నుమూశాడు. అప్పటికి 37 ఏళ్ళు.

మరుసటి ఏడు, 1934లో, తొహోకును చలి దారుణంగా దెబ్బతీసింది. కూతుళ్ళను అమ్ముకున్న కుటుంబాలు ఎన్నో. మంచి విత్తనం వచ్చినా కౌలూ అప్పూ అలాగే వున్నాయి మరి. యుద్ధం తర్వాత, 1946 నుంచి అమలైన భూసంస్కరణలతో కౌలుదార్లలో అత్యధికులు భూమి హక్కుదార్లయ్యారు. 1947లో పంటనష్టానికి బీమా చట్టం వచ్చింది. 1993లో మళ్ళీ చలి కొట్టి జపాన్ బియ్యం దిగుమతి చేసుకుంది గాని, 1934 నాటి ఘోరం తిరిగి రాలేదు.

ఇప్పుడక్కడ వేడి కొత్త శత్రువు. 2023 వేసవికి నిగాతా జిల్లాలో కొషిహికారి గింజ తెల్లబారి మేలురకం ధాన్యం బాగా తగ్గిపోయింది. ఆ కొషిహికారి రికూ 132 సంతతిదే. మళ్ళీ కొత్త విత్తనం వెతుక్కోవలసిందే.

మన దగ్గరా ముంపును, ఎండను తట్టుకునే రకాలు రావాలి. కాని తెలంగాణాలో 2018లో మొదలైన రైతుబంధు కౌలుదారుకు వర్తించలేదు. వాతావరణం తప్పినప్పుడు నష్టమంతా దున్నేవాడి నెత్తినే పడితే, ఎంత మంచి విత్తనమూ వాణ్ణి ఆదుకోలేదు. విత్తనంతో పాటు కౌలు షరతులూ మారాలి.