ఆచార్య రంగా - మా తాత కౌలు చేను

విద్యార్థి సంఘం మిత్రులు ఒక నాయకుని జీవితం రాయమన్నప్పుడు నేను ఆచార్య ఎన్.జి.రంగాను ఎంచుకున్నాను. నన్నెరిగినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. మాది ఆత్మకూరు, అమరచింత సంస్థానం కింద కౌలు చేసిన కుటుంబం. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రాకపోతే మా తాతకు గుంట భూమి కూడా దక్కకపోను. అట్లాంటి ఇంట్లో పుట్టి, భూపరిమితిని బాహాటంగా ఎదిరించిన మనిషి గురించి రాయడమేందని నన్ను నేనే అడుగుకున్నాను.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠం చెప్పారు. ఆచార్యుడన్న పేరు అట్లా వచ్చిందే. తర్వాత జమీందారీ రైతుల పోరాటాల్లో దిగి జైలుకు పోయారు. నిడుబ్రోలులో రైతులకు రాజకీయ పాఠశాల పెట్టారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షులు, రంగా ప్రధాన కార్యదర్శి. అప్పుడాయన్ని ఎవరూ ఛాందసుడనలేదు!

మాట మింగడం ఆయనకు రాదు. 1951లో కాంగ్రెసు విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మళ్లీ కాంగ్రెసులోకి వచ్చారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. నెహ్రూ గారి ముఖం మీదనే కాదన్న కొద్దిమందిలో రంగా ఒకరు. రైతు చేతిలోంచి చేను జారితే అతడు కూలివాడవుతాడని ఆయన భయం. ఆ ఏడే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి అధ్యక్షులయ్యారు. విచిత్రమేమంటే, జమీందార్లతో పోరాడిన మనిషి పక్కన ఇప్పుడు రాజులు, రాణులు కూర్చున్నారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

1962లో తెనాలిలో ఓడి, చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచారు. 1967లో శ్రీకాకుళం నుంచి నెగ్గారు. ఆ ఏడు పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలొచ్చాయి, ప్రతిపక్షంలో అదే పెద్దది. 1971లో అవి ఎనిమిదికి దిగాయి, రంగా కూడా ఓడారు. ఆ తర్వాత ఆయన తిరిగి కాంగ్రెసులోనే చేరడం, అదీ భూపరిమితి చట్టాలు తెస్తున్న ఇందిరా గాంధీ కాంగ్రెసులో చేరడం, నేను సమర్థించను. గుంటూరు ప్రజలు మాత్రం 1980, 1984, 1989లో వరుసగా గెలిపించారు. 1995 జూన్ 9న కన్నుమూశారు.

ఇగ మా తాత సంగతి. ఊళ్లో సహకార సేద్యం మాట వచ్చినప్పుడు, కొత్తగా చేతికొచ్చిన ఆ నాలుగెకరాలు సంఘంలో కలపమంటే ససేమిరా అన్నాడట. రంగా ఎవరో ఆయనకు తెల్వదు. గట్టు మీద కూర్చుని, చచ్చినా ఇయ్యనని చెప్పి పంపించాడని మా నాయిన చెప్తుండె.