భరోసా నిలిపిన దివాన్ - మొదటి సాలార్‌జంగ్ నవాబ్

హైదరాబాద్ పోయిన మన కుటుంబాలు సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండ తిరిగి రావు. గంటలు కొట్టే గడియారం ముందట కూర్చున్న పిల్లలు ఒక పట్టాన లేవరు. అయితే అక్కడి వస్తువులలో ఎక్కువ భాగం సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ గారు. వారి తాతగారు మీర్ తురాబ్ అలీ ఖాన్ గారు. వీరే మొదటి సాలార్‌జంగ్. సుమారు 30 ఏండ్లు హైదరాబాద్ రాజ్యానికి దివాన్‌గా పనిచేసిన ఈ మహనీయుని జీవితం నేటి పిల్లలకు అంతగా తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

తురాబ్ అలీ ఖాన్ గారు 1829 జనవరి 21న బీజాపూర్‌లో పుట్టినారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ గారు పెంచి పెద్ద చేసినారు. పడుచు వయసులో కొన్ని నెలలు తాలూక్‌దారుగా పనిచేసి, రైతు కష్టం, లెక్కల మర్మం దగ్గరగా చూసినారు.

అప్పటి రాజ్యం పరిస్థితి చెప్పనలవి కాదు. ఖజానా ఖాళీ. సిపాయిలకు జీతాలు నెలల తరబడి బాకీ. అప్పులకింద, జీతాలకింద తాలూకాలకు తాలూకాలు సాహుకార్ల చేతిలో, అరబ్బు జమాదార్ల చేతిలో తాకట్టు ఉండేవి. శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. గుత్తదారు ఈ ఏడు ఉంటాడో, వచ్చే ఏడు పోతాడో తెలియదు. ఉన్నన్నాళ్ళు పిండుకొనుడే వాని పని. సర్కారు మాట అంటే ఊరిలో ఎవరికీ గురి లేదు. 1853 మే నెలలో బేరార్ ప్రాంతం కూడ ఇంగ్లీషువారి చేతిలోకి పోయింది. కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ గారు కన్నుమూసినారు. ఆ బరువు 24 ఏండ్ల యువకుని నెత్తిన పడ్డది. తనకు ఈ పదవి మీద మోజు లేదని, కుటుంబ జాగీర్లు చూసుకొని ఉంటే చాలనుకున్నానని ఆయన ఒక స్నేహితునికి ఉత్తరం కూడ వ్రాసినారు.

అయినా ఒప్పుకున్న తరువాత వెనుకకు చూడలేదు. పెద్ద పెద్ద ప్రకటనలు చేయలేదు. మొదట జీతాలు వేళకు ముట్టే ఏర్పాటు చూసినారు. తాకట్టు తాలూకాలను లెక్క తేల్చి ఒక్కొక్కటే విడిపించినారు. గుత్తదార్లను తీసి, జీతం మీద పనిచేసే అధికారులను పెట్టినారు. దివాన్ ఇచ్చిన మాట చెల్లుతుందని తెలిసిన కొలది, ముఖం చాటేసిన సాహుకార్లే మళ్ళీ అప్పు ఇవ్వ వచ్చినారు. ఖజానాలో రూపాయి కంటె ముందు జనంలో భరోసా పుట్టింది. ఆ భరోసాయే తరువాత రూపాయిని తెచ్చింది.

1865లో జిల్లాబందీ జరిగింది. రాజ్యమంతా జిల్లాలు, తాలూకాలుగా ఏర్పడ్డది. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, తాలూకాకు తహసీల్‌దార్. మన ప్రాంతం ఎలగందల జిల్లా కిందికి వచ్చింది. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. 2016లో మన మెట్‌పల్లి జగిత్యాల జిల్లాలో చేరింది. జిల్లాబందీతో రైతుకు కలిగిన మేలు ఏమనగా, అర్జీ ఎవరికి ఇవ్వాలె, ఆయన వినకపోతే పైన ఎవరిని అడగాలె అన్నది తెలిసింది. దారి కనబడితేనే గదా మనిషికి ఆశ.

దివాన్ గారు స్వయంగా కూడ పొద్దున అర్జీదారులను కలుసుకునేవారు. పేదవాడైనా దగ్గరికి పోయి తన మొర చెప్పుకోవచ్చును. మాట నెమ్మది, మర్యాద ఎక్కువ. 1859లో ఒకసారి, 1868లో మరొకసారి ఆయన ప్రాణం మీదికి దాడి జరిగింది. అయినా పని ఆపలేదు. తపాలా శాఖ, బడులు, 1874లో రైలు, భూమి సర్వే - ఇవన్నీ ఆయన కాలంలో వచ్చినవే. 1869లో చిన్నారి మీర్ మహబూబ్ అలీ ఖాన్ గద్దెకెక్కగా, షంసుల్ ఉమరా గారితో కలిసి రాజ్యభారం మోసినారు. 1876లో ఇంగ్లండు పోయినప్పుడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది.

ఆయన జీవితంలో అందరూ మెచ్చని భాగమూ ఉన్నది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ గార్లు రెసిడెన్సీ మీదికి దండెత్తినప్పుడు దివాన్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచినారు. అందుకు ఆయనను తప్పుపట్టేవారు నేటికీ ఉన్నారు. జాగీర్ల కింది రైతులకు సంస్కరణల ఫలం అంతగా అందలేదు. తిరిగి తేవాలని ఎంతో పాటుపడిన బేరార్ చేతికి రాలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి 54వ ఏట హఠాత్తుగా పరమపదించినారు.

ఈ చరిత్ర మనకు ఎందుకు? ఆశ చూపుట అంటే తీపి మాటలు చెప్పుట అని కొందరి ఊహ. సాలార్‌జంగ్ గారి జీవితం అట్లా చెప్పదు. చెప్పిన తారీఖుకు జీతం ముట్టుటే ఆశ. ఉపకార వేతనం ఫారం పట్టుకొని కూలి పోగొట్టుకొని వచ్చిన బీడీ కార్మికురాలికి రేపు రమ్మనుట సులువు. ఏ కాగితం తక్కువున్నది, ఎక్కడ దొరుకుతుంది, ఏ దినం రావాలె అని కూర్చోబెట్టి చెప్పుట కొంచెం కష్టం. పని కాకపోతే కాదని, ఎందుకు కాదో కూడ మర్యాదగా చెప్పాలె. అప్పుడు ఆ తల్లి కనీసం వేరే దారి చూసుకుంటది.

దఫ్తర్‌లో ఉద్యోగం చేసే మన పిల్లలు, సొసైటీ బల్ల ముందర కూర్చునే మన కార్యకర్తలు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలె. మనం కూర్చున్న కుర్చీ చిన్నదే కావచ్చు. ఎదుట నిలబడ్డవారికి మాత్రం ఆ పూట మనమే సర్కారు.