గుంపే యొకోయి

గుంపే యొకోయి (1941 సెప్టెంబరు 10 - 1997 అక్టోబరు 4) జపాను దేశానికి చెందిన ఆటవస్తువుల రూపకర్త. చేతిలో ఇమిడే వీడియో గేము యంత్రాలను ప్రపంచానికి అలవాటు చేసినవారిలో ప్రముఖుడు. గేమ్ బాయ్ ఇతని ఆధ్వర్యంలో రూపొందినదే. 1995లో విడుదలై కొద్ది నెలలకే కనుమరుగైన వర్చువల్ బాయ్ కూడా ఇతనిదే.

తొలి జీవితం

యొకోయి క్యోటో నగరంలో జన్మించాడు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండో సంస్థలో చేరాడు. అప్పట్లో అది ప్రధానంగా హనఫుదా అనే పువ్వుల బొమ్మల పేకముక్కలు తయారుచేసేది. ఆ యంత్రాల మరమ్మతు ఇతని ఉద్యోగం. తీరిక వేళలో సరదాకు చేసుకున్న, కత్తెరలా సాగి ముడుచుకునే చేయి సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటబడింది. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో విడుదలైన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఆవిష్కరణలు

రైలులో ఒక ప్రయాణికుడు కాలక్షేపానికి క్యాలిక్యులేటరు మీటలు నొక్కుతుండగా చూసి, 1980లో గేమ్ అండ్ వాచ్‌ను రూపొందించాడు. 1982లో ఆ శ్రేణిలోని డాంకీ కాంగ్‌కు అమర్చిన కూడిక గుర్తు ఆకారపు మీట తరువాత గేము యంత్రాలన్నిటా కనిపించసాగింది.

పాతబడి చవకైన సాంకేతికతకు కొత్త ఉపయోగం కనిపెట్టడం ఇతని సిద్ధాంతం. 1989 నాటి గేమ్ బాయ్‌కు రంగులు లేకపోవడానికి కారణం ఇదే. రంగుల తెరలున్న పోటీ యంత్రాల బ్యాటరీలు కొద్ది గంటలలోనే అయిపోయేవి. గేమ్ బాయ్, దాని రంగుల రూపంతో కలిపి, 11 కోట్లకు పైగా అమ్ముడైంది.

వర్చువల్ బాయ్

రెండు కళ్ళకు వేర్వేరు బొమ్మలు చూపి లోతు భ్రమ కలిగించే యంత్రమిది. ప్రతి కంటికీ నిలువు వరుసలో 224 చిన్న ఎర్ర దీపాలు, వాటి ముందు వేగంగా కంపించే అద్దం ఉంటాయి. ఎరుపునే ఎంచుకోవడానికి కారణం ఆ దీపాలు చవక, విద్యుత్తు తక్కువ తీసుకుంటాయి. అంటే ఇక్కడ కూడా యొకోయి తన పాత సూత్రాన్నే పాటించాడు. కానీ యంత్రం బ్యాటరీలతో నడిచినా, బల్లపై నిలిపి, వంగి అందులో ముఖం పెట్టి ఆడవలసి వచ్చేది. తలనొప్పి, మెడనొప్పి వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆడేవారికి ఏమి కనిపిస్తున్నదో పక్కవారికి తెలియదు. కాబట్టి దుకాణంలో చూపించి అమ్మడమూ కష్టమే. వచ్చిన ఆటలు 22 మాత్రమే. అమ్మకాలు సుమారు 7,70,000 వద్ద ఆగిపోయాయి.

చివరి రోజులు

1996 ఆగస్టులో యొకోయి నింటెండోను వీడాడు. వర్చువల్ బాయ్ అపజయమే కారణమని ప్రచారం జరిగినా, తాను ముందునుంచే అనుకున్న నిర్ణయమని ఇతడు చెప్పాడు. కోటో అనే సొంత సంస్థను స్థాపించి, బాందాయ్ సంస్థకోసం మరో చేతియంత్రం రూపకల్పనలో పాల్గొన్నాడు. 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలోని రహదారిపై చిన్న ప్రమాదం జరగగా కారు దిగిన ఇతనిని మరో కారు ఢీకొనడంతో 56 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఆ యంత్రం వండర్‌స్వాన్ పేరుతో 1999 మార్చిలో విడుదలైంది. దానికీ రంగులు లేవు. ఒక్క బ్యాటరీతో నడిచేది. దానితోపాటు వచ్చిన ఒక ఆటకు ఇతని పేరిట గుంపే అని పేరు పెట్టారు.