శిక్ష లేని శిక్షణ

హిందీలో శిక్షా అంటే చదువు. తెలుగులో శిక్ష అంటే దెబ్బలు, గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం. రెండూ ఒకే సంస్కృత మాటలోంచి వచ్చినవి. మన దగ్గరికి వచ్చేసరికి దానికి ఈ అర్థం ఎందుకు పట్టిందో మన బళ్ళు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండు అర్థాల మధ్య కూర్చుని ఒకాయన తల్లిదండ్రుల కోసం పుస్తకం రాశాడు. పేరు 'బిడ్డల శిక్షణ'. పుస్తకం నిండా శిక్ష వద్దనే ఉంది. రాసింది చలం.

చలం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 'మైదానం'. క్లబ్‌లో ఆ పేరు ఎత్తితే సగం మంది నవ్వుతారు, మిగతా సగం వాదనకి దిగుతారు. ఆ నవలల రచయిత పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడంటే మొదట నేనూ నమ్మలేదు. ఆయన జీవితం తెలుసుకున్నాక మాత్రం ఆ పుస్తకం ఆయన రాయకపోతేనే ఆశ్చర్యపోవాలి అనిపించింది.

గుడిపాటి వెంకటచలం 1894లో మద్రాసులో పుట్టాడు. కన్నవాళ్ళ ఇంటిపేరు కొమ్మూరి. అమ్మ తరఫు తాతగారు దత్తత తీసుకోవడంతో గుడిపాటి అయ్యాడు. ఇంట్లో తండ్రి మాటకి ఎదురులేదు. తండ్రి చేతుల్లో తల్లి పడ్డ బాధలు చూస్తూ పెరిగాడు. చిన్నప్పుడు సంధ్యావందనం, మడి, ఆచారం అన్నీ నిష్ఠగా పాటించిన పిల్లాడే. ఆ నిష్ఠ ఉన్న ఇంట్లోనే ఆడవాళ్ళకీ పిల్లలకీ నోరు లేదన్న సంగతి ఆయన ఎప్పటికీ మర్చిపోలేదు. తర్వాత రాసిన ప్రతి పుస్తకంలోనూ ఆ ఇల్లు ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది.

1911లో కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో చేరాడు. అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావం, బ్రహ్మసమాజం పరిచయం. కులం మీద, విగ్రహాల మీద, ఆచారాల మీద అప్పటిదాకా ఉన్న నమ్మకాలు ఒక్కొక్కటీ ఊడిపోయాయి. జంధ్యం కూడా పోయింది. అప్పటికే ఆయనకి రంగనాయకమ్మ గారితో పెళ్ళయింది (నవలా రచయిత్రి రంగనాయకమ్మ గారు వేరు, కంగారు పడకండి). బి.ఏ. చదవడానికి మద్రాసు వెళ్ళినప్పుడు భార్యని కాన్వెంట్‌లో చేర్పించి, తనే సైకిల్ మీద ఎక్కించుకుని దింపేవాడు. ఇవాళ క్యాంపస్‌లో ఎవరూ తల తిప్పి కూడా చూడని దృశ్యం అది. ఆ రోజుల్లో మాత్రం దారిలో జనం ఎగతాళి చేశారు. కూతుర్ని అలా బజారు వెంట తిప్పినందుకు మామగారు అల్లుణ్ణి మళ్ళీ గడప తొక్కనివ్వలేదని చెబుతారు.

చదువయ్యాక టీచర్ ఉద్యోగం. హోస్పేటలో పనిచేశాడు. రాజమండ్రిలో టీచర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీలో పాఠాలు చెప్పాడు. తర్వాత స్కూల్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఈ ఉద్యోగమే. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే బడికి సున్నం వేస్తారు, పిల్లలకి జవాబులు బట్టీ పట్టిస్తారు, ఆ వారం బెత్తానికి పని ఎక్కువ. మన కాలేజీకి తనిఖీ కమిటీ వచ్చినప్పుడు ల్యాబ్‌లు ఎలా మెరుస్తాయో మనకి తెలుసు కదా, అలాగన్నమాట. పిల్లలు దేనికి భయపడతారో, మాస్టార్లు ఎవరికి భయపడతారో ఆయన ఊరూరా తిరిగి చూశాడు. ఆ భయాల గొలుసులో పైన ఉన్న కొక్కెం తన ఉద్యోగమే. చూసి చూసి, మార్పు బడిలో మొదలవదు, ఇంట్లో మొదలవ్వాలి అనే దగ్గరికి వచ్చాడు.

'బిడ్డల శిక్షణ' ఆ ఆలోచనతో రాసిన పుస్తకం. పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు, అబద్ధాలు చెప్పి నోరు మూయించొద్దు అంటాడు. అక్కడితో ఆగితే ఇప్పుడు షాపుల్లో దొరికే పేరెంటింగ్ పుస్తకాల్లాగే ఉండేది. ఆ పుస్తకాలు కొట్టొద్దని చెప్పేది, కొట్టకుండానే మాట వినిపించుకోవచ్చు కాబట్టి. అంటే గమ్యం అదే, రూట్ మాత్రమే మారింది. చలం గమ్యాన్నే ప్రశ్నిస్తాడు. పిల్లలు అసలు నీ మాట ఎందుకు వినాలి అని అడుగుతాడు. వాళ్ళు నీ ఆస్తి కాదు, నీ పరువుకి కాపలాదార్లు కాదు, ముసలితనంలో వడ్డీతో తీసుకోవడానికి దాచుకున్న డబ్బు కాదు అన్నది ఆయన వాదన. పెద్దవాళ్ళు ప్రేమ పేరుతో చేసేదాంట్లో ఎంత అధికారం ఉందో చూసుకోమంటాడు. పిల్లలు అడిగే ప్రశ్నలకి, శరీరం గురించి అడిగినా సరే, సిగ్గుపడకుండా నిజం చెప్పమంటాడు. భార్యాభర్తల మధ్య ప్రేమ లేని ఇంట్లో పిల్లలు బాగా పెరగరు కాబట్టి, ముందు మీ ఇద్దరి సంగతి చూసుకోండి అనేదాకా వెళ్తాడు. తల్లిదండ్రులకి కోపం రాకుండా ఉంటుందా మరి!

మన పార్లమెంటు విద్యాహక్కు చట్టం తెచ్చింది 2009లో. దాని 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు గాయపరచడాన్నీ నిషేధించింది. అప్పటికి చలం పోయి ముప్పై ఏళ్ళు. ఇంట్లో కొట్టడం గురించి ఆ సెక్షన్ ఏమీ మాట్లాడదు. ఆయన పుస్తకం మాట్లాడింది ఇంటి గురించే.

సరే, ఇంతా చెప్పినాయన తన ఇల్లు ఎలా నడిపాడు? ఇక్కడ వ్యవహారం చిక్కుపడుతుంది. తన పిల్లల్ని ఆయన అప్పటి పద్ధతికి పూర్తి విరుద్ధంగా, స్వేచ్ఛగా పెంచాడు. సమాజం ఆయన్ని దూరం పెట్టింది, అద్దెకి ఇల్లు దొరకడం కూడా కష్టమైంది. ఆ వెలి ఆయన ఒక్కడికే పరిమితం కాలేదు, ఇంట్లో అందరూ మోశారు. ఇక రంగనాయకమ్మ గారు. సైకిల్ మీద చదువుకి తీసుకెళ్ళిన భర్తే, తర్వాత వేరే స్త్రీలని ప్రేమించి ఆమెని బాధపెట్టాడు. 1972లో వచ్చిన ఆత్మకథ 'చలం'లో ఆయన తన జీవితాన్ని పెద్దగా దాచుకోకుండానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నంత మాత్రాన ఆమె పడ్డది చెరిగిపోదు. తల్లి బాధ చూసి పెరిగిన కొడుకు, తన పిల్లల తల్లిని బాధపెట్టాడు. ఆయన అభిమానులు ఈ వాక్యం దగ్గర తొందరగా పేజీ తిప్పేస్తారు. తిప్పకూడదని నా అభిప్రాయం.

క్లబ్‌లో ఈ పుస్తకం గురించి మాట్లాడినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటుంది. ఆయన పిల్లలు చివరికి ఏమయ్యారు? ఈ ప్రశ్నలో ఒక ట్రాప్ ఉంది. పెద్ద ఉద్యోగాలు చేశారంటే పద్ధతి కరెక్ట్, లేకపోతే ఫెయిల్ అని మనం లెక్క కట్టేస్తాం, ప్లేస్‌మెంట్ రిపోర్ట్ చూసి కాలేజీని ఎంచుకున్నట్టు. పిల్లల్ని ఫలితంతో కొలవకండి అని చెప్పిన పుస్తకాన్ని మళ్ళీ ఫలితంతోనే కొలుస్తున్నాం అన్నమాట. చిన్నప్పుడు దెబ్బ తినని పిల్లాడికి ఆ చిన్నతనమే ఒక ఫలితం. దానికి తర్వాత వచ్చే జీతంతో రుజువు అక్కర్లేదు.

అయినా ఒక్క సంగతి చెప్తాను. చలం స్నేహితుడు చింతా దీక్షితులు గారు, మన పిల్లల కథల దీక్షితులు గారే, ఆయన్ని రమణ మహర్షి దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటికి చలానికి దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. మహర్షి 1950 ఏప్రిల్‌లో పోయారు. అదే ఏడు చలం విజయవాడ వదిలి, కుటుంబంతో అరుణాచలం వెళ్ళిపోయాడు. పెద్ద కూతురు సౌరిస్ అప్పటికే ఆధ్యాత్మిక మార్గంలో ఉంది. ఆ విషయంలో ఆయన ఆమె మాటని గురువు మాటలా విన్నాడు. తెలుగుదేశాన్ని ఊపేసిన రచయిత, అరవైకి దగ్గరపడుతున్న మనిషి, కూతురి వెనకాల నడిచాడు. ఆమె చెప్పింది నిజమా భ్రమా అన్నది వేరే చర్చ. నాకు నచ్చింది వేరే. బిడ్డకి తనదైన బుద్ధి ఉంటుందని పుస్తకంలో రాసినవాడు, ఆ బుద్ధి తనకి అలవాటు లేని దారిలో వెళ్ళినప్పుడు కూడా దానికి విలువిచ్చాడు. హేతువాదులైన స్నేహితులు చాలామందికి అది మింగుడు పడలేదు.

1979 మే 4న అరుణాచలంలోనే చనిపోయాడు. అప్పటికి ఎనభై ఐదో ఏడు. సౌరిస్ తర్వాత భీమునిపట్నం వచ్చి స్థిరపడింది.

ఈ పుస్తకం తల్లిదండ్రుల కోసం రాసింది. మనం ఇంకా పిల్లల వైపే ఉన్నాం, ఫీజు ఇంటి నుంచే వస్తోంది, ఏ బ్రాంచ్ తీసుకోవాలో చాలామందికి ఇంట్లోనే తేలిపోయింది. కాబట్టి చదువుతున్నంతసేపూ మనకి బలే హుషారుగా ఉంటుంది, ఫోన్‌లో ఫోటో తీసి ఇంటి గ్రూప్‌లో పెట్టేయాలనిపిస్తుంది. పెట్టేముందు ఒక్కటి చూసుకోండి. ఇంట్లో తమ్ముడో చెల్లో ఇంటర్ చదువుతుంటే, మార్కులెన్ని అని వాళ్ళని మొదట అడిగేది మనమే. చలం పుస్తకం ఆ ప్రశ్న అడిగే వాళ్ళందరి గురించీ. అమ్మానాన్నలకి ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. ముందు మాత్రం మీరు చదవండి. పెద్ద పుస్తకం ఏమీ కాదు, నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగుని కూడబలుక్కుంటూ చదివేవాళ్ళకి కూడా అడ్డం పడని భాష.