రేడియో అన్నయ్య
న్యాయపతి రాఘవరావుగారు 1905వ సంవత్సరమున బరంపురమున జన్మించిరి. 1936లో ఆ పట్టణము ఒరిస్సా రాష్ట్రమున చేరెను. స్వరాష్ట్రమునకు దూరముగ భిలాయి వంటి ఊళ్లలో బిడ్డలకు తెలుగు నేర్పుకొనువారికి ఆయన జీవితము మిక్కిలి దగ్గరగ తోచును.

1938 జూన్ 16న మదరాసు రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. అచ్చటి తెలుగు బాలల కార్యక్రమమును నడపుచు రాఘవరావుగారు అన్నయ్య, సతీమణి కామేశ్వరిగారు అక్కయ్య అయిరి. మైక్రోఫోను ముందు పలికిన మాట విద్యుత్ప్రవాహముగ మారి, రేడియో తరంగము నెక్కి, దూరమందలి ఇంట మరల మాటగ వినిపించును. యంత్రము చేయు పని అంతియే. కంటికి కానరాని పిల్లవానితో ఎదుట కూర్చుండబెట్టుకొన్నట్లు మాటలాడుట కష్టము. పెద్ద వక్తలు పలువురు ఆ గదిలో తడబడుదురు. ఈ దంపతులు ఉపన్యసింపలేదు, పలుకరించిరి. పిల్లలచేతనే పాడించిరి, నాటికలాడించిరి. తెలుగు లోగిళ్లలో పసివారు రేడియో చుట్టు మూగిరి.

ప్రసారము ముగిసినంతనే మాట గాలిలో కలిసిపోవును. అందువలన కాబోలు, 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును, 1945లో ‘బాల’ పత్రికను ఆయన స్థాపించిరి. ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము వారి కృషి హైదరాబాదున సాగెను. రాఘవరావుగారు 1984లో దివంగతులైరి. నాటి శ్రోతలు తాతలైన పిదపను ఆయనను అన్నయ్య యనియే తలచుకొనిరి.