మారియా మాంటిస్సోరి

ఇటలీ దేశంలో 1870లో జన్మించిన మారియా మాంటిస్సోరి 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందింది. ఆ కాలంలో మందబుద్ధులని ముద్రపడిన పసివారిని మతిభ్రమించిన పెద్దలతోపాటే ఆశ్రయాలలో బంధించేవారు. అటువంటి ఒక గదిలో పిల్లలు భోజనానంతరం నేలపై రాలిన రొట్టె తునకలకోసం తడుముకొనేవారట. పరిచారిక దానిని తిండియావ అనుకొని అసహ్యించుకొంది. ఆ గదిలో చేతికందే వస్తువు మరొకటి లేదని మాంటిస్సోరి గ్రహించింది. నాటినుండి ఆ వైద్యురాలు మందులకు మారుగా బోధనోపకరణాలను అన్వేషించసాగింది.

ఫ్రెంచి వైద్యులైన ఇటార్, సెగ్విన్‌ల గ్రంథాలను ఆమె శ్రద్ధగా అధ్యయనం చేసింది. 1900లో రోమ్‌లో ప్రారంభమైన ప్రత్యేక పాఠశాలలో, వ్రేళ్ళతో తడిమి పోల్చుకొనే చెక్క అక్షరాలతో ఆ పిల్లలకు చదువు నేర్పింది. వారిలో కొందరు సాధారణ బాలలతోపాటు పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులయ్యారు. లోకం ఆశ్చర్యపోయింది. ఆమెకు మాత్రం వేరొక సందేహం కలిగింది: ఏ లోపమూ లేని పిల్లలు ఇంతవరకే ఎందుకు ఆగిపోతున్నారు?

1907 జనవరి 6న శాన్ లొరెంజో పేటలోని పేద పిల్లలకై తెరచిన శిశుగృహంలో ఆమె ఆ పద్ధతినే ప్రవేశపెట్టింది. అక్కడ ఎవరి పని వారిది, ఎవరి వేగం వారిది. అందరికీ ఒకే పాఠం లేనిచోట వెనుకబడినవాడెవడు? అయినప్పటికీ, వికలాంగ శిశువులను తక్కినవారి సరసన కూర్చుండబెట్టడం ఆనాటికి జరగలేదు.

ఆమె 1939లో మన దేశానికి వచ్చి, మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చింది. 1952లో నెదర్లాండ్స్‌లో మరణించింది. 1960ల చివర జర్మనీలోని మ్యూనిక్ నగరంలో హెల్‌బ్రూగె అనే శిశువైద్యుడు ఆమె పద్ధతిలోనే, ఇరువురు పిల్లలనూ ఒకే గదిలో చేర్చి శిశువిద్యాలయం నడిపాడు.