చుక్కయు గీతయు: సామ్యూల్ మోర్సు జీవితము

సొంతముగా యంత్రము నమర్చుకొని, లాభాపేక్ష లేక, దేశదేశముల వారితో రేడియో ద్వారా సంభాషించువారు కలరు. వీరిని వాడుకలో ‘హామ్’ లందురు. వీరికి లైసెన్సు నిచ్చుటకు ముందు మోర్సు సంకేతములో పరీక్షించు ఆచారము ఇరువదవ శతాబ్దమున అనేక దేశములలో సాగినది. ఆ పరీక్ష ఉండవలెనా, తొలగవలెనా యను వాదము చిరకాలము జరిగినది. ఆ సంకేతమునకు పేరిచ్చిన పురుషుని జీవితమును పరికించినచో, ఈ వాదమునకు కొంత సమాధానము దొరకును.

సామ్యూల్ ఫిన్లీ బ్రీజ్ మోర్సు 1791 ఏప్రిల్ 27వ తేదీన అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్రమున, చార్లెస్‌టౌను పట్టణమున జన్మించెను. తండ్రి జెడిడయా మోర్సు మతబోధకుడు. భూగోళశాస్త్ర గ్రంథములు రచించి ప్రసిద్ధి కెక్కినవాడు. సామ్యూల్ యేలు కళాశాలలో చదివి 1810లో పట్టభద్రుడయ్యెను. అచ్చట విద్యుచ్ఛక్తిని గూర్చిన ఉపన్యాసములు వినెను. కాని ఆయన మనస్సు చిత్రకళ యందే లగ్నమై యుండెను. 1811లో లండను వెళ్లి రాయల్ అకాడమీలో శిక్షణ పొంది, 1815లో స్వదేశమునకు మరలి వచ్చి, మనుష్యుల రూపచిత్రములు వ్రాయుచు జీవనము గడపెను.

1825 ఫిబ్రవరిలో ఆయన వాషింగ్టనులో నుండెను. న్యూయార్కు నగరము వారి కోరికపై లాఫయెట్ సేనాని చిత్రమును వ్రాయుట ఆయన పని. ఆ నెల 7వ తేదీన దూరమున న్యూహేవెనులో ఆయన భార్య లుక్రీషియా ఆకస్మికముగా మరణించెను. ఆ వార్త ఉత్తరముపై నెక్కి మెల్లగా వచ్చినది. ఆయన ఇల్లు చేరునప్పటికి ఖననము కూడ ముగిసి యుండెను. తంతియంత్రపు తలపు ఆయనకు కలిగినది మరి యేడేండ్లకు గాని, ఆలస్యముగా వచ్చిన వార్త ఎంతటి గాయము చేయునో ఆయన అప్పుడే యెరిగెను.

1832లో యూరపు నుండి తిరిగి వచ్చుచు, ‘సల్లీ’ యను ఓడలో చార్లెస్ జాక్సన్ అను విద్వాంసునితో విద్యుదయస్కాంతమును గూర్చి ముచ్చటించునపుడు, తీగెపై వార్త నంపవచ్చునను ఊహ మోర్సునకు తోచెను. ఊహ తోచుట వేరు, యంత్రము నడచుట వేరు. దూరము పెరిగినకొలది విద్యుత్ప్రవాహము క్షీణించెడిది. జోసెఫ్ హెన్రీ పరిశోధనల నెరిగిన లియొనార్డ్ గేల్ ఆచార్యుడు దారి చూపెను. 1837లో ఆల్‌ఫ్రెడ్ వేల్ అను యువకుడు తోడై యంత్రమును చక్కబరచెను. అదే సంవత్సరము శాసనసభా భవనమును చిత్రములతో నలంకరించు పని తనకు దక్కకపోగా, మోర్సు క్రమముగా కుంచెను విడిచెను.

మొదట ఆయన ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అంకె నేర్పరచి నిఘంటువును కూర్చబోయెను. అది భారమై, అక్షరములకే చుక్కలు, గీతలు కల్పింపబడెను. తరచుగా వచ్చు అక్షరమునకు పొట్టి గుర్తు. అరుదుగా వచ్చుదానికి పొడుగుది. ఆంగ్లమున మిక్కిలి వాడుక గల ‘ఇ’ అక్షరమునకు ఒక్క చుక్కయే చాలినది.

1843లో అమెరికా కాంగ్రెసు 30,000 డాలర్లు మంజూరు చేసెను. భూమిలో పాతిన తీగెలు పనికిరాకపోగా, స్తంభములు నాటి వానిపై తీగెలు కట్టిరి. 1844 మే 24వ తేదీన వాషింగ్టను నుండి మోర్సు పంపిన సందేశమును బాల్టిమోరులో వేల్ అందుకొనెను.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. మోర్సు యంత్రము వ్రాయు యంత్రము. కాగితపు పట్టీపై గుర్తులు పడవలెను, మనుష్యుడు వానిని కంటితో చదువవలెను. ఇదియే ఆయన సంకల్పము. కాని యంత్రపు టకటక ధ్వనిని నిత్యము వినుచున్న పనివారు, పట్టీని చూడకయే వార్తను గ్రహింపసాగిరి. వారి నెవరును పరీక్షింపలేదు. పని త్వరగా సాగుటయే వారికి కావలసినది. కొలది కాలమునకే చెవితో వినుట సర్వత్ర అలవాటయ్యెను. సంకేతము కూడ మారెను. 1848లో జర్మనీలో గెర్కె దానిని సంస్కరించెను. ఆ సంస్కరణ నాధారముగా గొని, 1865లో పారిస్ సమావేశమున అంతర్జాతీయ సంకేతము స్థిరపడెను. హామ్‌లు నేర్చినది ఈ సంకేతమే.

మోర్సు పేరును ధనమును గడించెను; హక్కులకై న్యాయస్థానములలో పోరాడెను. మహాశిల్పి యైనను ఆయన కళంకరహితుడు కాడు. పరదేశీయుల రాకను ద్వేషించెను, బానిసత్వమును సమర్థించెను. 1872 ఏప్రిల్ 2వ తేదీన న్యూయార్కులో కన్నుమూసెను.

తరువాత రేడియో వచ్చినది. 1912లో టైటానిక్ ఓడ మునిగిన యేడే అమెరికాలో రేడియో లైసెన్సుల శాసనము పుట్టెను. ఓడలు ఆపదలో చుక్కలు, గీతలతోనే మొరపెట్టుకొనెడివి. ఆ మొర తెలియని హామ్ తన ప్రసారముతో దానిని కప్పివేయగలడు. కావున పరీక్ష న్యాయమే. కాని 1999 ఫిబ్రవరి నుండి ఓడలకు ఉపగ్రహములతో గూడిన నూతన పద్ధతి పూర్తిగా అమలు వచ్చెను. 2003లో జెనీవా సమావేశము పరీక్ష విషయమును ఆయా దేశముల ఇష్టమునకు వదలెను. 2007 ఫిబ్రవరి 23 నుండి అమెరికా దానిని తొలగించెను.

పరీక్ష ఉండవలె ననువారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. స్వల్పశక్తితో, చిన్న యంత్రముతో, రొదలో మాట వినబడని చోటను చుక్కలు, గీతలు వినబడును. కాని ఈ గుణము నేర్చుకొనుటకు కారణమగును గాని, నేర్వనివానికి తలుపు మూయుటకు కారణము కాదు. పరీక్ష తొలగిన దేశములలోను ఎందరో హామ్‌లు ఆ సంకేతమును ఇష్టముతో వాడుచునే యున్నారు.

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున కొందరు అండమాను వెళ్లి యుండిరి. 26వ తేదీన సునామీ వచ్చి ఇతర సంబంధములు తెగిపోగా, వారు క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు చేరవేసిరి. ఆనాడు ఆత్రముతో నెదురుచూచిన బంధువులు, వార్త ఏ సంకేతమున వచ్చినదని విచారింపలేదు. అది సకాలమున వచ్చినది. 1825లో మోర్సునకు దక్కనిది అదియే.